కార్టులో పదకొండు పుస్తకాలు

పోయినవారం హాస్టల్ మెస్ గురించి రాశాను. ఈ వారం హాస్టల్ పిల్లల ట్రంకుపెట్టెల అడుగున ఉండే పుస్తకాల గురించి రాయాలనుకున్నాను. రాసేలోపు ఒక సంగతి జరిగింది. ముందు అది చెప్తాను.

మొన్న క్లాసయ్యాక బీఏ సెకండియర్ అమ్మాయి ఒకతి నా దగ్గరికొచ్చి ఫోన్ చూపించింది. ఆన్‌లైన్ షాపు కార్టులో పదకొండు పుస్తకాలున్నాయి. మొత్తం మూడు వేల పైచిలుకు.

"మేడం, దీంట్ల ఏది ముందు కొనాలె?"

ఎన్నాళ్లనుంచి ఉన్నాయివి అని అడిగాను.

"ఎనిమిది నెలలాయె మేడం. వారానికోసారి తీసి చూస్త, రేటు తగ్గిందేమోనని."

ఎంత జమైందంటే 410 రూపాయలంది. ఎట్లా జమచేశావంటే కాసేపు మాట్లాడలేదు. మధ్యాహ్నం తినడానికి హాస్టల్‌కు పోయి రావడానికి టైం సరిపోదు. బయట తినమని వాళ్ల నాయిన పంపే డబ్బుల్లోంచి రోజుకు ముప్పై రూపాయలు. వారంలో రెండు రోజులు తినడం మానేసింది. మధ్యలో ఫీజు కట్టాల్సొస్తే జమైన దాంట్లోంచే తీసి కట్టింది. అందుకే ఎనిమిది నెలలకు 410.

"మీరే చెప్పిన్రు గద మేడం, బాబాసాహెబ్ గూడ అట్లనే కొన్నడని."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అవును, నేనే చెప్పాను. 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లిన సంగతి, నెలకు 11.5 పౌండ్లలోనే తన బతుకూ ఇంటి బతుకూ వెళ్లదీసిన సంగతి, కడుపు కట్టుకుని న్యూయార్క్ పాత పుస్తకాల షాపుల్లో దాదాపు 2,000 పుస్తకాలు పోగేసిన సంగతి. క్లాసంతా చప్పట్లు కొట్టింది. చప్పట్లు కొట్టినవాళ్లలో ఒకతి ఆ మరునాటి నుంచే అన్నం మానేస్తుందని నాకు తట్టలేదు.

నేను చెప్పింది సగం కథే. మిగతా సగం ఇది. 1917లో ఆయన ఇంటికి తిరిగొస్తుంటే పుస్తకాలు, సామాను వేరే ఓడలో వచ్చాయి. యుద్ధకాలం. టార్పెడో దెబ్బకు ఆ ఓడ మునిగిపోయింది. పస్తులతో కొన్న పుస్తకాలు సముద్రం పాలయ్యాయి. ఆ తర్వాత ఆయన ఏం చేశారు? దాదర్‌లో పుస్తకాల కోసమే అన్నట్టు రాజగృహ కట్టుకున్నారు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెట్టారు. తను ఆకలితో చదివిన మనిషి మన పిల్లల్ని ఆకలితో చదవమనలేదు, వాళ్లకోసం కాలేజీ పెట్టారు. మనం మాత్రం ఆయన ఆకలిని ఆదర్శం చేసి, కాలేజీ పెట్టిన సంగతి పక్కన పెడుతున్నాం.

ఒక లెక్క చూడండి. తెలంగాణలో 2024 చివర్లో డైట్ ఛార్జీలు పెంచాక, డిగ్రీ, పీజీ హాస్టల్ విద్యార్థికి నెలకు 1,500 ఉన్నది 2,100 అయింది. అంటే రోజుకు 70 రూపాయలు. 350 రూపాయల పుస్తకం అంటే అయిదు రోజుల తిండి. పుస్తకం ధర ఎక్కువా తక్కువా అనే చర్చ ఇక్కడ మొదలుపెట్టాలి.

మా అమ్మకు ఈ లెక్క నాకంటే ముందే తెలుసు. నేను యూనివర్సిటీలో ఎంఏ చదివేటప్పుడు ఆదివారం వస్తే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఉండేదాన్ని. సెలవులకు ఇంటికి తెచ్చిన పుస్తకాలు చూసి అమ్మ, "గిది ఎంతకు కొన్నవే?" అని అడిగేది. కలుపు కూలి దినాలతో లెక్కేస్తదని తెలుసు కాబట్టి సగం ధరే చెప్పేదాన్ని. ఒకసారి వెనక అట్ట మీద ధర తమ్ముడితో చదివించింది. నన్నేమీ అనలేదు. "మూడు దినాల కూలి. మంచిగ సదువు" అని పుస్తకం బియ్యం డబ్బా మీద పెట్టింది. అబద్ధం చెప్పి పుస్తకాలు కొన్న సిగ్గు నాకింకా ఉంది. ఆ సిగ్గు నాకు కాదు, ఈ చదువుల్ని ఇట్లా నడుపుతున్నవాళ్లకు ఉండాల్సిందని అర్థం కావడానికి పీహెచ్‌డీ దాకా పట్టింది.

పీహెచ్‌డీలో ఫెలోషిప్ ఎన్నో నెలలు ఆగి, ఒకేసారి పడింది. పుస్తకాలకు కంటింజెన్సీ కూడా ఉంది, మొదటి రెండేళ్లు ఏడాదికి 10,000. బిల్లు పెడితేనే ఇస్తారు. నాకు కావాల్సిన దళిత సాహిత్యం, అచ్చులో లేని సంకలనాలు, కవులు సొంత డబ్బుతో వేసుకున్న పుస్తకాలు ఫుట్‌పాత్ మీదో, కవి ఇంట్లోనో దొరికేవి. ఫుట్‌పాత్ బిల్లు ఇవ్వదు, కవి జీఎస్టీ నంబర్ ఇవ్వడు. పెద్ద ప్రచురణ సంస్థల ఇంగ్లీషు విమర్శ గ్రంథాలకు డబ్బు తిరిగొచ్చింది. మనవాళ్ల పుస్తకాలన్నీ నా జేబు ఖర్చే. ఎవరి పుస్తకం పరిశోధన కిందికి వస్తుందో, ఎవరిది రాదో అట్లా బిల్లు దగ్గరే తేలిపోయింది.

మరి పుస్తకం కొనడం ఎందుకు, ఎట్లాగూ పీడీఎఫ్‌లు ఉన్నాయి కదా అంటారు కొందరు తమ్ముళ్లు. 1936లో లాహోర్ సభ రద్దయ్యాక బాబాసాహెబ్ 'కులనిర్మూలన' ప్రసంగాన్ని సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చేయించారు. ధర ఎనిమిది అణాలు. 'హరిజన్' పత్రికలో దాని మీద రాస్తూ గాంధీ, ధర రెండణాలకు, కనీసం నాలుగణాలకు తగ్గించమని సలహా ఇచ్చారు. సలహా ఇవ్వడం తేలిక. కాగితం, కంపోజింగ్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఈనాటికీ మన రచయితల్లో చాలామంది అప్పుచేసో, జీతంలోంచి తీసో పుస్తకం వేస్తున్నారు. వాళ్ల పుస్తకాన్ని స్కాన్ చేసి గ్రూపుల్లో తిప్పితే అది ఉద్యమం కాదు. రెండో పుస్తకం రాకుండా మనమే అడ్డం పడ్డట్టు.

అందుకని ఆ అమ్మాయికి చెప్పిందే మీకూ చెప్తున్నాను.

మొదటిది, అన్నం డబ్బు ముట్టుకోవద్దు. ఇది సలహా కాదు, షరతు.

రెండోది, ఉచితంగా, న్యాయంగా దొరికేదానికి డబ్బు పెట్టొద్దు. అంబేడ్కర్ రచనలు, ప్రసంగాల ఇంగ్లీషు సంపుటాలు విదేశాంగ శాఖ వెబ్‌సైటులోనే ఉన్నాయి. ఉన్న కొద్దిపాటి డబ్బు బతికున్న రచయిత పుస్తకానికి పెట్టండి.

మూడోది, ఒక్కరే కొనొద్దు. 120 రూపాయల కవిత్వ పుస్తకానికి డెలివరీ ఛార్జీ కలిస్తే సగం ధర అదనం. అయిదుగురు కలిసి నేరుగా ప్రచురణకర్తకే ఫోన్ చేయండి. 2024 డిసెంబర్ 18 నుంచి తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్‌పోస్ట్ ఎత్తేసింది. చిన్న ప్రచురణకర్తలకు అది పెద్ద దెబ్బ. 2025 మే 1 నుంచి 'జ్ఞాన్ పోస్ట్' తెచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్ను అదనం. మెల్లగా వస్తుంది, రానివ్వండి. అయిదుగురి పుస్తకాలు ఒకే కట్టలో వస్తే తలా ఇరవై పాతికకు మించి పడదు.

నాలుగోది మీకు కాదు, మాకు. జీతం తీసుకుంటున్న లెక్చరర్లకు, సంఘాల నాయకులకు. ఇంట్లో అద్దాల అల్మారాలో పుస్తకాలు పెట్టి ఫొటో దిగుతాం. ఎన్ని పుస్తకాలు పిల్లల చేతికిచ్చాం? ఏప్రిల్ 14కు ఒక్క ఫ్లెక్సీ తక్కువ కట్టి, ఆ డబ్బు హాస్టల్ పిల్లల చేతిలో పెట్టి, ఏ పుస్తకాలు కొనాలో వాళ్లనే రాసుకోమంటే ఎట్లుంటది? ఎస్సీ, ఎస్టీల నిధుల కోసం 2013లో సబ్‌ప్లాన్ చట్టం, తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చాయి. ప్రతి ఎస్సీ హాస్టల్‌కు ఏటా పుస్తకాల నిధి, ఎంపిక విద్యార్థుల చేతిలో: ఈ ఒక్క డిమాండ్ మీద మనం ఎప్పుడైనా ధర్నాకు కూర్చున్నామా? మెస్‌లో పురుగుల అన్నం మీద కొట్లాడినంత గట్టిగా దీనిమీదా కొట్లాడాలి.

ఆ రోజు స్టాఫ్ రూంలో కూర్చుని ఇద్దరం కార్టు సర్దాం. పదకొండులో మూడు బాబాసాహెబ్‌వి, నెట్‌లో ఉచితం. మూడు నా దగ్గరున్నాయి, తెచ్చిస్తానన్నాను. ఒకటి మా కాలేజీ లైబ్రరీలోనే, తాళం వేసిన బీరువాలో దొరికింది. మిగిలినవి నాలుగు. రూమ్మేట్లు ఇద్దరు చెరొకటి కొంటామన్నారు. రెండు తన వంతు. మొదటిది ఒక దళిత కవయిత్రి కవిత్వం, ఉన్న 410లోనే వచ్చింది. రెండోదానికి తొందరేం లేదు, అన్నం తింటూ ఆరు నెలలకు కొనుక్కో అన్నాను.

పుస్తకం వచ్చిన రోజు తెచ్చి చూపించింది. మొదటి పేజీలో తన పేరు, దాని కింద వాళ్లమ్మ పేరు రాసుకుంది. వాళ్లమ్మకు ధర ఎంత చెప్పావని అడిగాను.

"ఉన్నదే చెప్పిన మేడం."

నేను నా అల్మారా తాళం తీశాను. మీరూ తీయండి.

జై భీం.