అగ్గిపుల్ల ఏ చేత్తో గీస్తారు?

అగ్గిపుల్ల ఏ చేత్తో గీస్తారు మీరు? కర్రచీపురు పట్టుకుంటే పైన ఉండే చెయ్యి ఏది? డబ్బా మూత ఏ చేత్తో తీస్తారు? టక్కున చెప్పలేరు కదూ! నేనూ చెప్పలేకపోయాను. లేచి వంటింట్లోకి వెళ్ళి తీసి చూసుకోవాల్సి వచ్చింది.

మెడిసిన్ రెండో ఏడు చదువుతున్న మా మేనకోడలు పండక్కి వచ్చి, నన్ను కూర్చోబెట్టి ఈ ప్రశ్నలు అడిగింది. ఓల్డ్‌ఫీల్డ్ అనే ఆయన 1971లో తయారుచేసిన ఎడిన్‌బరో పట్టికట. రాయడం, బొమ్మ గీయడం, విసరడం, కత్తెర, పళ్ళ బ్రష్షు, కత్తి, చెంచా, చీపురు, అగ్గిపుల్ల, మూత... మొత్తం పది పనులు. సగానికి పైగా మన ఇంటి పనులే, గమనించారా?

ఇప్పుడీ గోల ఎందుకంటే, ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. నాలుగేళ్ళ పాప బలపం ఎడంచేత్తో పడుతోందట. అత్తగారు ఆ చేతికి గుడ్డ కట్టి కూర్చోబెడుతున్నారట. "మగపిల్లాడైతే పోనీ అనుకోవచ్చు, ఆడపిల్ల పుర్రచేత్తో వడ్డిస్తే రేపు అత్తారింట్లో ఏమంటారు, చదువులోనూ వెనకబడుతుంది అంటున్నారు. నిజమేనా అక్కా?" అని అడిగింది.

చదువు సంగతి ముందు చెబుతాను. ఎడంచేతి వాటానికీ తెలివికీ ఉన్న సంబంధం గురించి చాలా దేశాల్లో పరీక్షలు చేశారు. వైద్య విద్యార్థుల మీద ఎక్కువ చేస్తుంటారట. ప్రొఫెసర్లకి వాళ్ళే చేతికందుబాటులో ఉంటారు మరి! ముందు ఏ చేతి వాటమో తేల్చి, తరవాత జ్ఞాపకశక్తి, మాటల చురుకు, బొమ్మని మనసులోనే తిప్పి చూడడం లాంటివి పరీక్షిస్తారు. "కానీ అత్తయ్యా, మేమంతా గట్టి పరీక్ష నెగ్గి వచ్చినవాళ్ళం. మమ్మల్ని చూసి ఊరందరి సంగతీ చెప్పకూడదు" అంది మా పిల్ల. నాకు ఆ మాట నచ్చింది. అందరి మీదా చేసిన పరీక్షలన్నీ కలిపి చూసినా, కుడిచేతివాళ్ళకీ ఎడంచేతివాళ్ళకీ తెలివిలో తేడా లెక్కలోకి రానంత చిన్నది.

ఆడా మగా తేడా కూడా అంతే. బొమ్మని మనసులో తిప్పడంలో మగవాళ్ళ సగటు కాస్త ఎక్కువ, విన్న మాటలు గుర్తుపెట్టుకోవడంలో మన సగటు కాస్త ఎక్కువ. మొత్తం తెలివిలో ఎవరూ ఎవరికీ తీసిపోరు. ఈ మధ్య నీట్‌లో అబ్బాయిలకంటే అమ్మాయిలే ఎక్కువమంది అర్హత సాధిస్తున్నారు, చూస్తూనే ఉన్నాం.

లోకంలో నూటికి పదిమంది ఎడంచేతి వాటంవాళ్ళు. మగవాళ్ళలో కొంచెం ఎక్కువ, ఆడవాళ్ళలో కొంచెం తక్కువ. తప్పని దండించే చోట ఎడంచేత్తో రాసేవాళ్ళు ఇంకా తక్కువగా కనిపిస్తారు. అక్కడ పుట్టక కాదు, మార్పించేస్తారు.

ఈ వాటం మనం నేర్పితే వచ్చేది కాదు. బెల్‌ఫాస్ట్‌లో హెపర్ అనే ఆయన కడుపులో బిడ్డలు ఏ బొటనవేలు చీకుతున్నారో స్కానింగులో చూసి, పదీ పన్నెండేళ్ళ వయసులో మళ్ళీ చూశారు. కుడివేలు చీకిన 60 మందీ కుడిచేతివాళ్ళే అయ్యారు. ఎడమవేలు చీకిన 15 మందిలో 10 మంది ఎడంచేతివాళ్ళయ్యారు. 2005లో ఈ సంగతి ప్రకటించారు. అమ్మ కడుపులోనే మొదలైనదానికి గుడ్డ కట్టి ఏం లాభం చెప్పండి?

ఇక నా సంగతి. పట్టికలో నాకు నాలుగు పనులు ఎడమవైపు పడ్డాయి. "మిమ్మల్ని చిన్నప్పుడు మార్చేసి ఉంటారు అత్తయ్యా" అంది మేనకోడలు. అమ్మకి ఫోన్ చేశాను. "అవునే, బళ్ళో మాస్టారు స్కేలుతో వేళ్ళమీద కొట్టేవారు. ఏడుస్తూ వచ్చేదానివి. ఆర్నెల్లలో మారిపోయావు" అంది తేలిగ్గా. ఆ దెబ్బలు నాకు గుర్తు లేవు. రాత బాలేదని ఇంటర్ దాకా తిన్న తిట్లు మాత్రం బాగా గుర్తున్నాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

చెల్లీ, అన్నం కుడిచేత్తో తినడం, ప్రసాదం కుడిచేత్తో తీసుకోవడం ముద్దుగా నేర్పుకో, తప్పులేదు. చాలామంది ఎడంచేతి పిల్లలు అది హాయిగా నేర్చుకుంటారు. రాత జోలికి మాత్రం వెళ్ళకు. కాగితం పైఅంచు కాస్త కుడివైపు వాలేలా పెట్టు. రాసింది చేతి కింద పడి చెరిగిపోకుండా పెన్సిల్ కాస్త పైకి పట్టుకోమను. బడిలో బెంచీకి ఎడమ చివర కూర్చోబెట్టమని టీచరుకి చెప్పు, లేకపోతే పక్కపిల్లతో మోచేతులు కొట్టుకుంటాయి. మామూలు కత్తెర ఎడంచేత్తో పడితే తెగే గీత కనపడదు. వాళ్ళకి వేరే కత్తెరలు దొరుకుతాయి.

అత్తగారితో వాదన పెట్టుకోకు. సాయంత్రం ఖాళీగా ఉన్నప్పుడు ఈ పది ప్రశ్నలూ సరదాగా ఆవిణ్ణే అడుగు. ఆవకాయ జాడీ మూత ఆవిడ ఏ చేత్తో తీశారో నాకు రాయి.