మత్తు డాక్టరు దగ్గర కల్లు మాట దాచవద్దు

ఆపరేషనుకు మత్తు ఇస్తే మనిషి మళ్లీ లేస్తాడా, లేచినా మతి సరిగా ఉంటుందా అని కోరుట్ల నుండి ఒక సహోదరి అడిగారు. జగిత్యాల, సిరిసిల్ల వైపు నుండి కూడా ఇదే భయం తరచు వినబడుతున్నది గనుక ఈ నెల దీనిని గూర్చి వ్రాస్తున్నాము.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. ఒక కణం తన వార్తను పక్క కణానికి చెప్పాలంటే కొంచెం రసాయనాన్ని విడుస్తుంది. దానిని అందుకొనేందుకు పక్క కణం మీద గ్రాహకం ఉంటుంది. అది తాళం వేసిన చిన్న తలుపు వంటిది. గాబా అనే రసాయనం వచ్చి తగిలితే ఆ తలుపు తెరుచుకొని క్లోరైడు లోపలికి పోతుంది, కణం నెమ్మదిస్తుంది. నరానికి ఎక్కించే పాలవంటి తెల్లని ప్రొపోఫాల్ మందు ఆ తలుపును మరికొంతసేపు తెరిచి ఉంచుతుంది. పీల్చే మత్తుమందులు కూడా చాలావరకు ఇక్కడే పని చేస్తాయి. కెటమిన్ దారి వేరు. కణాన్ని రేపే గ్లూటమేటు తట్టే ఒక తలుపును అది మూసివేస్తుంది. మందు దిగిన తరువాత తలుపులు మళ్లీ తమ పని చేసుకుంటాయి. వృద్ధులకు కొన్నాళ్లు తికమక ఉండవచ్చును గాని, మత్తుతో మతి పోతుందని ఆపరేషను మానుకోనక్కరలేదు. (నడుములో ఇచ్చే సూది వేరు. అది మెదడును నిద్రపుచ్చదు, నొప్పి వార్తను నడుము దగ్గరే ఆపుతుంది.)

మన ఊళ్లు నిజాం రాజ్యంలో ఉన్న కాలంలో, 1888, 1889లలో, క్లోరోఫాం ప్రాణం ఎలా తీస్తుందో తేల్చడానికి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ హైదరాబాదులో రెండు కమీషన్లు నడిపారు. ఖర్చు నిజాం ప్రభుత్వానిది. నాడి కంటే శ్వాసను కనిపెట్టుకొని ఉండమని వారు తేల్చారు. గుండె కూడా హఠాత్తుగా ఆగవచ్చునని తరువాత తెలిసింది, క్లోరోఫాం వాడుక పోయింది. నేడు మత్తు డాక్టరు రెండింటినీ క్షణక్షణం చూస్తూనే ఉంటారు.

అయితే డాక్టరుకు మనం చెప్పకపోతే తెలియని సంగతి ఒకటున్నది. మన వైపు దుకాణాల్లో అమ్మే మందు కల్లులో డయజిపాం, అల్ప్రాజోలాం, క్లోరల్ హైడ్రేటు కలపడం ఎరుగని వారెవరు? ఈ మూడూ గాబా తలుపు మీదే పని చేస్తాయి. ఏళ్ల తరబడి రోజూ ఆ మందు పడితే మెదడు దానికి అలవాటుపడి, తలుపును బిగించుకుంటుంది. అట్టివానికి మామూలు మోతాదు మత్తు చాలకపోవచ్చు. కల్లు దిగక ముందే బల్ల మీద పడుకుంటే అదే మోతాదు ఎక్కువై శ్వాస ఆగే ప్రమాదమున్నది. ఇక ఆసుపత్రిలో కల్లు దొరకక రెండు మూడు రోజులైతే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, పిచ్చిమాటలు, ఫిట్సు మొదలవుతాయి. 2015లో తెలంగాణలో కల్తీ కల్లును కట్టడి చేసినప్పుడు అనేకులు ఇటువంటి లక్షణాలతోనే ఆసుపత్రులకు చేరారు. ఇంటివారేమో మత్తు సూది వికటించిందని డాక్టరును నిందిస్తారు!

సంఘంలో పేరున్న కుటుంబాలే ఈ మాట ఎక్కువగా దాచుతున్నవని మా అభిప్రాయం. పాస్టరుగారు పక్కన నిలబడి ఉండగా మామగారి అలవాటు కోడలు ఎలా చెప్పగలదు? కనుక పాస్టరుగారే, పెద్దలే, ప్రార్థన ముగించి కాసేపు గది బయటికి వెళ్లడం మంచిది.

ఆపరేషను ముందురోజు అలవాటును ఒక్కసారిగా మానిపించవద్దు. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా, చివరిసారి ఏ పూట తాగారు అన్నది డాక్టరుకు ముందే చెప్పండి, ఎలా తగ్గించాలో వారే చెబుతారు. నిద్రమాత్రలు వాడేవారు ఆ చీటీ కూడా తీసుకొని వెళ్లండి.