చెరువు అందరిదీ, బోరు ఒక్కరిదీ

మా ఊళ్లో ఒకప్పుడు చెరువు పూడిక తీయాలంటే ఎకరాల లెక్కన చందా వేసేవాళ్లు. ఎక్కువ భూమి ఉన్న ఆసామి ఎక్కువ ఇచ్చేవాడు. బోర్లు వచ్చాక పెద్ద ఆసాములు "మా నీళ్లు మాకున్నాయి, చెరువుతో మాకేం పని" అని చందా ఎగ్గొట్టారు. చెరువు నిండితేనే తమ బోరులో నీళ్లుంటాయన్న సంగతి ఎండాకాలం వచ్చేదాకా వాళ్లకు గుర్తు రాలేదు. పరిశ్రమల సొంత కరెంటు వ్యవహారం చూస్తుంటే నాకు ఆ చెరువే గుర్తొస్తోంది.

2003 విద్యుత్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఏ కంపెనీ అయినా సొంత వాడకానికి కరెంటు ప్లాంటు పెట్టుకోవచ్చు. దీన్నే క్యాప్టివ్ ప్లాంటు అంటారు. ప్లాంటు ఎక్కడ ఉన్నా గ్రిడ్ లైన్ల మీదుగా కరెంటును ఫ్యాక్టరీకి తెచ్చుకోవచ్చు. లైన్ల చార్జీలు కడతారు గానీ క్రాస్ సబ్సిడీ సర్‌చార్జి కట్టనక్కర్లేదు. అదనపు సర్‌చార్జి కూడా వర్తించదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

దీనితో రైతుకేం సంబంధం అనుకోవద్దు. యూనిట్ సరఫరాకు డిస్కంకు సగటున 7 రూపాయలు ఖర్చవుతుందనుకుందాం. పరిశ్రమ దగ్గర 8 రూపాయలు తీసుకుంటే, ఆ మిగిలిన రూపాయి పేద ఇంటి బిల్లుకూ మన మోటారుకూ ఆసరా అవుతుంది. మిగతా లోటు ప్రభుత్వం సబ్సిడీగా ఇవ్వాలి. 8 కట్టేవాళ్లు ఒక్కొక్కరే బయటికి పోతే ఆ రూపాయి పోతుంది. స్తంభాలు, తీగలు, సబ్‌స్టేషన్ల ఖర్చు మాత్రం తగ్గదు. చివరికి లోటు లెక్క రాసేటప్పుడు "వ్యవసాయ విద్యుత్ భారం" అని మన పేరే రాస్తారు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ప్రాణాలు పోగొట్టుకున్న ఉద్యమం తర్వాత, 2004లో దక్కిన ఉచిత విద్యుత్‌కు మళ్లీ ఎసరు పెట్టేది ఇలాంటి లెక్కలతోనే.

పరిశ్రమలు సొంత ప్లాంట్లు పెట్టుకోకూడదని మనం అనడం లేదు. 2012లో పవర్ హాలిడేలతో ఫ్యాక్టరీలు ఎంత నష్టపోయాయో, కూలీలు ఎన్ని రోజులు పస్తులున్నారో చూశాం. కానీ సొంతం అంటే నిజంగా సొంతమై ఉండాలి. నిబంధన ప్రకారం వాడుకునేవాళ్లకు ప్లాంటులో కనీసం 26 శాతం వాటా ఉండాలి, ఏడాదిలో తయారైన కరెంటులో కనీసం 51 శాతం వాళ్లే వాడుకోవాలి. వాటా కాగితం మీద మాత్రమే చూపించి, మామూలుగా కొన్న కరెంటును సొంతం అనిపించుకునే దారి తెరిచి ఉంచకూడదు.

ఇంకో మాట. సొంత ప్లాంటు ఆగితే ఫ్యాక్టరీ చూసేది గ్రిడ్ వైపే. పెద్ద మోటార్లు స్టార్ట్ చేసేటప్పుడు ఆ దెబ్బను తట్టుకునేదీ గ్రిడ్డే. అందుకే ఉమ్మడి రాష్ట్రంలో 2002లో నియంత్రణ మండలి గ్రిడ్ సపోర్ట్ చార్జీలు వేసింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. 2019లో సుప్రీంకోర్టు ఆ చార్జీలను సమర్థించింది. బోరున్న ఆసామి కూడా చెరువుకు చందా ఇవ్వాల్సిందేనన్న మాట.

కాబట్టి మన డిమాండ్లు మూడు. ఏ కంపెనీ ఎంత సొంత కరెంటు వాడింది, 26, 51 శాతాల లెక్క తప్పిందా లేదా అన్నది ఏటా ప్రజల ముందు పెట్టాలి. తప్పిన చోట సర్‌చార్జి మొత్తం వసూలు చేయాలి. గ్రిడ్ సపోర్ట్ చార్జీల్లో పెద్దలకు మినహాయింపులు ఉండకూడదు. ప్రభుత్వం ఇస్తానన్న సబ్సిడీని 65వ సెక్షన్ చెప్పినట్టు డిస్కంలకు ముందుగానే చెల్లించాలి.

చార్జీల ప్రతిపాదనల మీద నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెడుతుంది. అక్కడికి కంపెనీలు వకీళ్లను పంపుతాయి. మనవైపు కుర్చీలు చాలాసార్లు ఖాళీగా ఉంటాయి. ఈసారి ప్రతి మండల కమిటీ నుంచి ఇద్దరైనా వెళ్లాలి. అభ్యంతరం తెల్లకాగితం మీద తెలుగులోనే రాసివ్వండి. "మా పేరు మీద రాసిన లోటులో, వెళ్లిపోయిన పరిశ్రమల వల్ల వచ్చింది ఎంత?" అని అడగండి. జవాబు రికార్డులోకి ఎక్కేదాకా కూర్చోండి.