శాతం లెక్కకు రెండు గీతలు

శాతం లెక్కలంటే మన తరగతిలో సగం మందికి జ్వరమొచ్చినట్టు ఉంటుంది. సూత్రం బట్టీ పట్టి, ఏ అంకె పైన వేయాలో ఏది కింద వేయాలో తెలియక పరీక్షలో తికమక పడతారు. సూత్రానికి ముందు రెండు గీతలు గీయడం నేర్పాలని నా అభిప్రాయం.

శెనక్కాయ సంగతి తెలియని పిల్లోడు మన అనంతపురం జిల్లాలో లేడు కాబట్టి దానితోనే చూద్దాం. 2022-23లో క్వింటాలు మద్దతు ధర 5,850 రూపాయలు. 2023-24లో 6,377. ఎంత శాతం పెరిగినట్టు? పై గీత మీద రూపాయలు, కింది గీత మీద శాతం రాయండి. రెండూ సున్నా దగ్గరే మొదలుకావాలి. పాత ధర కింద సరిగ్గా 100 పెట్టండి.

రూపాయలు: 0 — 585 — 5,850 — 6,377
శాతం: 0 — 10 — 100 — ?

పది శాతానికి 585 అయితే ఒక శాతానికి 58 రూపాయల 50 పైసలు. పెరిగింది 527. తొమ్మిది సార్లు 58.50 వేస్తే 526.50. అర్ధ రూపాయి తేడా, పోనీయండి! సుమారు 9 శాతం.

ఇది సూత్రంతోనూ వస్తుంది కదా అంటారు. వస్తుంది, కాదనను. మరి ఇది చూడండి: ధర 20 శాతం పెరిగి 6,000 అయింది, పాత ధరెంత? మనోళ్లు ఎక్కువమంది 6,000లో 20 శాతం తీసేసి 4,800 అని రాస్తారు. గీత గీసినవాడు అట్లా రాయడు. 6,000 కింద ఉండేది 100 కాదు, 120. అంటే 20కి 1,000, 100కి 5,000. నూరు ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న.

2022లో తెలంగాణలో గిరిజనుల రిజర్వేషన్ 6 శాతం నుండి 10 శాతం చేశారు. (మన ఆంధ్రలో 6 శాతమే.) నూటికి నాలుగు ఉద్యోగాలు ఎక్కువ, నిజమే. కానీ 6 కింద 100 పెడితే 10 కింద 166 దాటుతుంది. అంటే వాళ్ల వాటా మూడింట రెండు వంతులు పెరిగింది. ఎవరైనా "నాలుగు శాతమే కదా" అంటే ఈ గీత చూపించండి.

తండాలో "రెండు రూపాయల వడ్డీ" అంటే చిన్నగా వినిపిస్తుంది. అది నెలకు నూటికి రెండు, ఏడాదికి 24. పదివేల అప్పు కింద 100 పెడితే, ఏడాది తిరిగేసరికి 124 మీద 12,400 నిలబడి ఉంటుంది. ఇంటికి పోయినప్పుడు నాయనకు పలక మీద గీసి చూపించండి.

గీతలు చిన్న తరగతుల పని అని కొందరు నవ్వుతున్నారు. నవ్వనీయండి. లెక్కల సారుకు మాత్రం ఒక మనవి: గీతలతో జవాబు తెచ్చినవాళ్లకు స్టెప్పుల మార్కులు కోయొద్దు సార్.

— ఎనిమిదో తరగతి విద్యార్థిని