ప్లే నొక్కితే కంప్యూటర్ లేచింది

దసరా సర్దుళ్లలో మా అటక మీది నుంచి ఒక వీసీపీ దిగింది. వీసీపీ అంటే వీడియో క్యాసెట్ ప్లేయర్. మీలో చాలామంది దాన్ని పాత సినిమాల్లోనే చూసి ఉంటారు. తొంభైల్లో నాయిన నకిరేకల్‌లో కలర్ టీవీ, వీసీపీ కలిపి కిరాయికి ఇచ్చేవాడు. చుట్టుపక్కల ఊళ్లోళ్లు సాయంత్రం పట్టుకెళ్లి, తెల్లారేదాకా మూడు సినిమాలు చూసి, పొద్దున తెచ్చిచ్చేవాళ్లు.

పాత సామాన్లాయన వచ్చి 60 రూపాయలు ఇస్తానన్నాడు. నాయిన బేరం ఆడలేదు, ఇవ్వనని కూడా అనలేదు. డబ్బా తీసుకెళ్లి మళ్లీ అటక మీద పెట్టాడు. అప్పుడే నాకు ఐడియా వచ్చింది. టీవీ పక్కన పెట్టుకునే హోమ్ థియేటర్ పీసీకి ఇంతకన్నా మంచి డబ్బా ఏముంది?

అడిగితే ఒక్కటే షరతు పెట్టాడు. “లోపల ఏమన్న చేసుకో. గని దాని మూతి మాత్రం కొయ్యకు.”

పీసీ కోసం దూరం పోలేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో 8వ తరం కన్నా పాతవాటిని ఒప్పుకోదు. దాంతో బాగానే నడిచే కంప్యూటర్లు కూడా స్క్రాప్‌కు వస్తున్నాయి. మూసేసిన ఇంటర్నెట్ సెంటర్ నుంచి 2వ తరం ఐ3 పీసీ 1,500కి దొరికింది. దాని బోర్డు చిన్నది. వీసీపీలో పడుతుందా అని ముందే అట్టముక్క కోసి పెట్టి చూశా. మీరూ అదే చేయండి, టేపు కొలతల్ని నమ్మకండి.

అసలు పని బోర్డును బిగించడం. బోర్డు అడుగు రేకుకు తగిలితే షార్ట్ అయి చచ్చిపోతుంది. అందుకే ఇత్తడి స్టాండాఫ్‌ల మీద నిలబెట్టాలి. వాటి కోసం కొలిచి బెజ్జాలు వేస్తే ఒక్కటైనా తప్పుతుంది. దీనికో కిటుకు ఉంది. పాత సీపీయూ క్యాబినెట్‌లో బోర్డు బిగించే రేకును, వెనక పోర్టుల ముక్కతో సహా కోసుకుని, దాన్నే వీసీపీలో రివెట్ కొట్టాలి. స్టాండాఫ్‌లు ఎక్కడుండాలో అక్కడే ఉంటాయి. గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపులో పది నిమిషాల్లో కోసిచ్చారు.

పవర్ విషయంలో మాత్రం ప్రయోగాలొద్దు. ఎస్‌ఎంపీఎస్ విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లు షాక్ కొడతాయి. నేను ల్యాప్‌టాప్ అడాప్టరుతో నడిచే చిన్న డీసీ పవర్ బోర్డు కొన్నా. అలా 230 వోల్టులు డబ్బా లోపలికే రావు. ఎస్‌ఎస్‌డీ తమ్ముడి పాడైపోయిన ల్యాప్‌టాప్‌లోది.

అందులో లిబ్రెఎలెక్ వేశా. ఉచితం, పీసీ ఆన్ అవగానే కోడీ తెరుచుకుంటుంది. కోడీ కూడా పాతదే. 2002లో ఎక్స్‌బాక్స్ గేమ్ మెషిన్ కోసం పుట్టి, 2014లో పేరు మార్చుకుంది. ఫోన్‌లో కోరే యాప్ వేసుకుంటే అదే రిమోట్. ముందే చెప్తున్నా, 2వ తరం చిప్పు మామూలు ఫుల్ హెచ్‌డీ బాగా ఆడిస్తుంది. 4కే హెచ్‌ఈవీసీ వీడియో పెడితే మాత్రం ఆగి ఆగి నడుస్తుంది. అది కావాలంటే 7వ తరం వెతకండి. ఓటీటీలే చూసేవాళ్లకు స్టిక్ మేలు. ఇది సొంత వీడియోలు, పాటలు ఉన్నోళ్లకు.

మొదటి రోజు మూత పెట్టాక ఇరవై నిమిషాలకే ఆగిపోయింది. తీసి చూస్తే లోపల పొయ్యి! మూత మీద సందులు ఉన్నాయి కదా అనుకున్నా. అవి పాత ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మూలన ఉన్నాయి, నా ప్రాసెసర్ ఇంకో మూలన ఉంది. పైగా రబ్బరు కాళ్లు అరిగిపోయి డబ్బా బల్లకు అతుక్కుంది. అడుగున ప్రాసెసర్ కింద బెజ్జాలు వేసి, నాలుగు సీసా మూతలు కాళ్లుగా పెట్టి, వెనక 80 ఎంఎం ఫ్యాన్ బిగించా. దాన్ని 12 వోల్టులకు బదులు 5 వోల్టులకు కలిపితే చప్పుడే లేదు. కానీ కొన్ని ఫ్యాన్లు 5కి తిరగవు, చూసుకోండి. రోహిణి కార్తె ఎండలకు కూడా ఆగుతుందో లేదో వచ్చే మే నెలలో చెప్తా.

ఇక మూతి. కొయ్యలేదు. బోర్డులో పవర్ స్విచ్‌కు ఉండేవి రెండే పిన్నులు, అవి క్షణం పాటు కలిస్తే చాలు. వీసీపీ ప్లే బటన్ చేసేదీ అదే. దాన్ని పాత సర్క్యూట్ నుంచి విడదీసి రెండు వైర్లు లాగా. క్యాసెట్ దూర్చే తలుపు వెనక యూఎస్‌బీ పోర్టు పెట్టా.

మొన్న ఆదివారం ఏం చెప్పకుండా నాయిన ముందు పెట్టా. కళ్లద్దాలు పెట్టుకుని చుట్టూ చూశాడు. వేలితో తలుపు నెట్టి పెన్‌డ్రైవ్ గుచ్చాడు. చెప్పకుండానే ప్లే నొక్కాడు. టీవీ వెలిగింది.

కాసేపు చూసి నా వైపు తిరిగాడు.

“రాత్రికి ఎంత కిరాయి తీస్కుంటవ్ రా?”