ఇంటి కిరాయి, ఇంటివాని జవాబుదారీ

2022 జూలైలో, ముసురు విడువని దినములలో, కామారెడ్డి పట్టణమందలి బీడీ కార్మికుల కాలనీలో బట్టలారవేయు దండెమునకు విద్యుత్తు ప్రాకి, ఒకే కుటుంబమునకు చెందిన నలుగురు, అందిద్దరు పసివారు, ప్రాణములు విడిచిరి. ఆ దుర్ఘటనలో ఎవరి దోషమెంతయో తూచుట మా యుద్దేశము గాదు. కాని ఇనుపతీగ దండెము, దాని నానుకొని పోవు సర్వీసు వైరు, ఎర్తింగు లేని మీటరు బోర్డు మన పట్టణములలోని చిన్న యిండ్లయందు, విశేషించి కిరాయి గదులయందు, నేటికిని కానవచ్చు వస్తువులే. అట్టి యింట కిరాయిదారునకో, ఆతని భార్యాబిడ్డలకో, చూడవచ్చిన చుట్టమునకో హాని వాటిల్లినప్పుడు జవాబు చెప్పవలసిన వాడెవడు? తాను ఎరిగిన ప్రమాదమునకును, కొంచెము శ్రద్ధ వహించినచో ఎరుగగలిగిన ప్రమాదమునకును, నెలనెలకు కిరాయి పుచ్చుకొను యజమానియే బాధ్యుడని మేము నిస్సంశయముగా చెప్పుచున్నాము.

2016 అక్టోబరు 11న జిల్లా యేర్పడినది మొదలు కామారెడ్డికి కచేరీలు వచ్చినవి, ఉద్యోగులు వచ్చిరి, కళాశాలల విద్యార్థులు పెరిగిరి. ఒక అంతస్తునకు వేసిన పునాదిపై మరి రెండంతస్తులు లేపి, మేడమెట్లకు చేపట్టు కమ్మియైనను పెట్టకమునుపే 'టులెట్' పలక వ్రేలాడదీయువారును పెరిగిరి. రెవిన్యూ డివిజను కేంద్రమైన ఎల్లారెడ్డిలో వేరొక తీరు: తాతలనాటి మట్టిగోడల పెంకుటింటిని అడ్డుగోడలతో చీల్చి గదికొక కుటుంబమును నిలుపుట. రెండుచోట్లను యజమాని చేతనుండు కవచ మొక్కటే, పదకొండు నెలల కిరాయినామా. ఏడాది దాటిన కిరాయి ఒడంబడికను రిజిస్టరు చేయవలయునని 1908 నాటి చట్టము చెప్పుటచే పుట్టిన ఆ పదకొండు నెలల కాగితములో 'ఇల్లు చూచుకొని తృప్తిపడి దిగితిని' అను వాక్య మొకటి వ్రాయించుకొన్నచో తనకు భయము లేదని ఆతని ధీమా.

ఆ ధీమాకు ఆధారము లేదు. ఇంటియందు తనకు తెలిసి, కిరాయిదారునకు తెలియక, మామూలు జాగ్రత్తకు అంతుచిక్కని లోపమున్నచో దానిని ముందుగానే వెల్లడింపవలయునని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షను యజమానిని శాసించుచున్నది. తాను చేయవలసిన మరమ్మతును నోటీసు అందిన పిదపను చేయనిచో, కిరాయిదారు తానే చేయించుకొని ఆ వ్యయమును వడ్డీతో కిరాయినుండి మినహాయించుకొనవచ్చునని కూడ అదియే చెప్పుచున్నది. 1950లో ఢిల్లీ చాందినీ చౌకులోని గడియారపు గోపురము కూలి జనులు మరణించినప్పుడు, లోపము పైకి కనబడనిదని పురపాలక సంఘము వాదించినను, ఎనుబదియేండ్ల వయస్సుగల ఆ సున్నపు కట్టడపు సహజాయువు నలుబది నలుబదియైదేండ్లే యని గుర్తించి, దారి ప్రక్కనున్న కట్టడమును కనిపెట్టుచుండుట స్వామియొక్క విధియనియు, కనబడని లోపమనుట సాకు గాదనియు 1966లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. వీధిలో పోవు బాటసారి ప్రాణమునకు విలువ గట్టిన ధర్మము, గోడక్రింద నిద్రించు కిరాయిదారుని యెడల మూగవోవుట న్యాయమా?

అట్లు మూగవోయిన కాలము ఇంగ్లండులో నొకటి యుండెను. చివికిన వంటయింటి నేలను బాగుచేయింతునని యజమాని పక్షమున మాటయిచ్చి చేయింపకపోగా, ఆ నేల విరిగి కిరాయిదారుని భార్య గాయపడెను; ఒడంబడిక భర్తతోనేగాని భార్యతో గాదను కారణమున ఆమెకు పరిహారము లేదని 1906లో ప్రభువుల సభ నిర్ణయించెను. 1957లోను 1972లోను చట్టములు చేసి వారా వైపరీత్యమును సవరించుకొనిరి. మనకో, అట్టి స్పష్టమైన శాసనము లేదు. మన రాష్ట్రమున నడచుచున్న 1960 నాటి అద్దె నియంత్రణ చట్టము కిరాయి యెంత, ఖాళీ యెప్పుడు అను రెండు ప్రశ్నల చుట్టును తిరుగునదేగాని, కిరాయింట దేహమునకు కలుగు హానిని గూర్చి పలుకదు. గాయపడినవాడు సివిలు కోర్టు మెట్లెక్కి నిర్లక్ష్యమును తానే రుజువు చేసికొనవలయును. మరణము సంభవించినచో రెండేండ్లలోపల దావా వేయవలయునను గడువు, కూలిపని మానలేని కుటుంబమునకు దుఃఖములోనే గడచిపోవును.

యజమాని తెలిసికొనవలసిన సంగతి మరొకటి కలదు. నిర్లక్ష్యముచే మరణము కలిగించిన నేరమునకు పూర్వము రెండేండ్లుగా నున్న గరిష్ఠశిక్ష, 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షనుచే అయిదేండ్లయినది. కిరాయినామాలోని యే వాక్యమును ఈ నేరమును మాపజాలదు.

'పింఛనుకు తోడుగా రెండు గదులు కిరాయి కిచ్చుకొని బ్రతుకువారిని భయపెట్టుట ధర్మమా? కిరాయిదారు చేసిన తప్పులకును మేమే తలవంచవలయునా?' అని కొందరందురు. కిరాయిదారు యజమాని కెరుకలేకుండ తీగలు లాగి హీటరు తగిలించుకొన్నచో దోషము వానిదే. లోపము కనబడినవెంటనే వ్రాతమూలకముగా తెలుపుట వాని విధియే. హద్దెక్కడనో 2021లో కేంద్రము ఆమోదించిన నమూనా అద్దె చట్టము చూపుచున్నది: కట్టడపు మరమ్మతు, గొట్టములు, విద్యుత్తు వైరింగు యజమానివి, కుళాయి వాషరు, కాలువ శుభ్రత కిరాయిదారువి. ఇంతకన్న న్యాయమైన పంపకము మాకు తోచదు.

మరి వానల మాట? 2025 ఆగస్టు 27, 28 తేదీల కుంభవృష్టిని ఈ జిల్లా మరువలేదు. అంతటి వానను ఆపుట ఎవరి తరమును గాదు. అయినను, వేసవిలోనే బీటలువారిన గోడ శ్రావణమున కూలినప్పుడు దానిని దైవకృత్యమనుట దైవమునకే అపచారము.

కావున శాసనసభ ఆ నమూనాను చట్టముగా మలచి, యజమాని బాధ్యత సంతకము చేసినవానికే గాక ఆ కప్పుక్రింద నివసించు ప్రతివానికిని వర్తించునని స్పష్టముగా వ్రాయవలయును. కామారెడ్డి, ఎల్లారెడ్డి పురపాలక సంఘములు ఇంటిపన్ను వసూలునందు చూపు శ్రద్ధలో కొంత, తొలకరికి ముందు శిథిలగృహములను గుర్తించి నోటీసులిచ్చుటయందు చూపవలయును. జిల్లా న్యాయసేవాధికార సంస్థ బాధితుల గుమ్మమునకే పోయి, స్త్రీలకును బాలలకును ఉచిత న్యాయసహాయము హక్కని తెలుపవలయును.

చట్టము వచ్చుటకు కాలము పట్టును. ఇనుపతీగ దండెమును విప్పి నైలాను త్రాడు కట్టుటకు, మీటరు ప్రక్క లీకేజీ తగులగనే సరఫరా తెంచు పరికరమును పెట్టించుటకు, ఎలక్ట్రీషియనుచే ఎర్తింగు చూపించుటకు మాత్రము ఏ శాసనసభయు కూడనక్కరలేదు. వచ్చు నెల కిరాయికి చేయి చాపుటకు ముందు, ప్రతి యజమానియు ఆ దండెము దేనితో కట్టబడినదో ఒక్కసారి చూడవలయును.