సీలు విప్పని పెట్టెలో దాచిన తలాంతు



ఈ మధ్య బీదర్‌లో మన తెలుగు ఆరాధన ముగిశాక జరిగిన యూత్ మీటింగులో ఒక ప్రతిపాదన వచ్చింది. సండే స్కూలు పిల్లల క్రిస్మస్ కానుకల కోసం ఏడాదంతా పోగుచేసిన నిధిని ఈసారి ఖర్చు పెట్టవద్దట. ఆ డబ్బుతో లెగో సెట్లు కొని, సీలు విప్పకుండా బీరువాలో దాచాలట. కంపెనీ ఒక సెట్టు తయారీని ఆపేస్తే దాన్ని 'రిటైర్' అయిందంటారు. ఆ రోజు ఎప్పుడొస్తుందో ముందే పసిగట్టి కొనిపెట్టుకుంటే, తర్వాత రెట్టింపు ధరకు అమ్ముకోవచ్చట. అప్పుడు పిల్లలకు ఇంకా పెద్ద కానుకలు ఇవ్వచ్చట.

ఈ మాట చెప్పిన తమ్ముడు దురాశపరుడు కాడు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికితే ఊరికొచ్చి పిల్లలకు పాటలు నేర్పేవాడు. నిధి పెరగాలనే అతని కోరిక. కాబట్టి అతన్ని నిందించడానికి ఇది రాయడం లేదు. అయితే ఆ ఆలోచన తప్పు అని మాత్రం గట్టిగా చెప్పాలి. లెక్క ప్రకారమూ తప్పే, లేఖనం ప్రకారమూ తప్పే.

ముందు లెక్క చూద్దాం. ఈ జోస్యం ఎలా చెబుతారు? మామూలుగా ఒక సెట్టు ఏడాదిన్నర నుంచి మూడేళ్ల దాకా అమ్మకంలో ఉంటుంది. అది ఎప్పుడు విడుదలైందో చూసి లెక్క కడతారు. సినిమా పేరుతో వచ్చిన సెట్టయితే ఆ ఒప్పందం గడువు ఊహిస్తారు. దుకాణాల్లో సరుకు తగ్గుతోందా, డిసెంబరు ఆఖరుకు తీసేస్తారా అని కాపు కాస్తారు. పెట్టె మూల నలగకుండా, ఎండా చెమ్మా తగలకుండా దాస్తారు.

దీనికి ఆధారం లేదని నేను అనను. దొబ్రిన్స్‌కయా, కిషిలోవా అనే ఇద్దరు రష్యన్ పరిశోధకులు 1987 నుంచి 2015 వరకు 2,322 సెట్ల ధరలు పరిశీలించి, సగటున ఏడాదికి 11 శాతం రాబడి వచ్చిందని చూపించారు. మన తమ్ముడు ఫోనులో చూపించింది ఆ అంకెనే. కానీ అదే పరిశోధనలో ఇంకో సంగతి ఉంది. కొన్ని సెట్లు ఏడాదికి 600 శాతం పెరిగితే, కొన్ని 50 శాతం పడిపోయాయి. సగటు అనేది వందల సెట్లు కొన్నవాడికి పనికొచ్చే మాట. నాలుగు పెట్టెలు కొనే సండే స్కూలుకు సగటు లేదు. ఉన్నవి ఆ నాలుగు పెట్టెలే.

పైగా మనం ఉన్నది ఏ దేశంలో? ఇక్కడ బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. అంటే కొనేటప్పుడే ఎక్కువ ధరకు కొంటాం. అమ్మేటప్పుడు, పాత సెట్ల కోసం వేలకు వేలు పోసే కొనుగోలుదారులు ఎక్కువమంది ఉన్నది అమెరికాలో, యూరప్‌లో. బీదర్ నుంచి అక్కడికి పంపే ఖర్చు ఎవరు భరిస్తారు?

అసలు చిక్కు ఇంకొకటి. రిటైర్మెంట్ అనేది ఋతువుల్లా వచ్చిపోయేది కాదు. ఒక కంపెనీ తీసుకునే నిర్ణయం. ఆపినవాడు మళ్లీ మొదలుపెట్టగలడు. మన తాజ్‌మహల్ కథే వినండి. 2008లో లెగో సుమారు 5,900 ముక్కలతో తాజ్‌మహల్ సెట్టు విడుదల చేసింది. కొన్నాళ్లకు ఆపేసింది. ఆ తర్వాత సీలున్న పెట్టెల ధర కొన్ని రెట్లు పెరిగింది. ఇక ఇది రాదు అనుకుని జనం ఎక్కువ ధరకు కొని దాచుకున్నారు. 2017లో కంపెనీ దాదాపు అదే సెట్టును కొత్త నంబరుతో మళ్లీ తెచ్చింది. దాచుకున్నవాళ్ల ధర ఢమాల్‌మంది. ఇందులో కంపెనీ చేసిన మోసం లేదు. ఇక ఎప్పటికీ చేయం అని అది ఎవరికీ మాట ఇవ్వలేదు. తన చేతిలో లేని తాళంచెవిని నమ్ముకుని ఇల్లు కొన్నవాడిదే తప్పు.

ఇంకా వెనక్కి వెళితే అమెరికాలో టై కంపెనీ అమ్మిన బీనీ బేబీస్ అనే చిన్న గుడ్డ బొమ్మలున్నాయి. ఆ కంపెనీ అప్పుడప్పుడు కొన్ని బొమ్మలను 'రిటైర్' చేసేది. జనం వెర్రెత్తిపోయి కొన్నారు. పిల్లల చదువు ఖర్చులు దీంతోనే వెళ్లిపోతాయని నమ్మినవాళ్లున్నారు. 1999లో లాస్ వేగస్‌లో విడాకులు తీసుకున్న ఒక జంట కోర్టు గది నేల మీద కూర్చుని ఆ బొమ్మలను ఒక్కొక్కటిగా పంచుకున్న ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆ తర్వాత కొద్దికాలానికే ధరలు కుప్పకూలాయి. ఎందుకు? అందరూ దాచారు కాబట్టి. చీటీ చిరగకుండా, ఎవరూ ఆడుకోకుండా, లక్షల బొమ్మలు అట్టపెట్టెల్లో పదిలంగా ఉన్నాయి. అందరి దగ్గరా ఉన్నదానికి అరుదైన ధర ఎక్కడిది?

ఇక్కడే ఒక సత్యం దాగి ఉంది. 1980లనాటి సీలున్న సెట్టుకు ఈ రోజు ధర ఎందుకు పలుకుతోంది? ఆనాటి పిల్లలు మిగతా పెట్టెలన్నీ విప్పి ఆడుకున్నారు కాబట్టి. ముక్కలు మంచాల కింద పోగొట్టుకున్నారు కాబట్టి. అంటే దాచినవాడి లాభం ఆడుకున్న పిల్లలు పెట్టిన భిక్ష. పిల్లలు ఆడుకోవడం మానేసి అందరూ జోస్యం చెప్పడం మొదలుపెడితే ఆ లాభం కూడా ఉండదు.

డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో 1932లో ఓలే కిర్క్ క్రిస్టియన్సెన్ అనే వడ్రంగి చెక్క బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. లెగో అనే పేరు 'బాగా ఆడుకో' అనే అర్థమున్న రెండు డేనిష్ మాటల నుంచి వచ్చింది. ఇప్పటి తరహా ఇటుకకు 1958లో పేటెంట్ దాఖలైంది. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకతో ఇప్పటికీ సరిగ్గా అతుక్కుంటుంది. చూశారా, ఇటుక రిటైర్ కాదు. రిటైరయ్యేది పెట్టె మీది బొమ్మ. మనం డబ్బు పోస్తున్నది ఆ అట్టకు.

ఇక లేఖనం మాటకొద్దాం. మీటింగులో ఒకరు తలాంతుల ఉపమానం ఎత్తారు. యజమాని సొమ్మును పెంచినవాళ్లను మెచ్చుకున్నాడు కదా, దాచిపెట్టినవాణ్ణి గద్దించాడు కదా అన్నారు. నిజమే. మత్తయి 25 మళ్లీ తెరిచి చదవండి. మొదటి ఇద్దరూ తలాంతులతో వ్యాపారం చేశారు. వాటిని నలుగురి చేతుల్లో తిప్పారు. మూడోవాడు గుంట తవ్వి భద్రంగా కప్పిపెట్టాడు. ఎవరికీ అక్కరకు రాకుండా, చెక్కుచెదరకుండా తిరిగి ఇచ్చాడు. ఇప్పుడు చెప్పండి, సీలు విప్పకుండా, చెమ్మ తగలకుండా బీరువాలో పెట్టెను దాచేవాడు ఆ ముగ్గురిలో ఎవరిలా ఉన్నాడు?

యోసేపు కూడా ముందే తెలుసుకుని నిలవచేశాడు కదా అని మరొకరు అడిగారు. అవును, చేశాడు. కరవులో జనం బతకాలని చేశాడు. అయినా ఆ కథ ఆఖరున, ఆదికాండము 47లో, ధాన్యం కోసం వచ్చిన ప్రజల పశువులూ పొలాలూ చివరికి వాళ్లే ఫరో పరమైపోయారని కూడా రాసి ఉంది. కొట్టు తాళం ఒక్కడి చేతిలో ఉంటే మంచి పనిలో కూడా దాసత్వం మొలకెత్తగలదు. ఆ అధ్యాయం చదవకుండా యోసేపును సాక్ష్యానికి పిలవకండి.

"బొమ్మ ఏమైనా అన్నమా? దాస్తే ఎవరు పస్తుంటారు?" అని మీరు అడగవచ్చు. ఎవరూ పస్తుండరు. ఒప్పుకుంటాను. నా భయం ఆ పెట్టె గురించి కాదు, దాన్ని దాచే మనసు గురించి. కొరత ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసి, వచ్చినప్పుడు సంతోషించడం ఒక అలవాటు. ఆమోసు 8వ అధ్యాయంలో ప్రవక్త గద్దించింది సరిగ్గా ఆ మనసునే. విశ్రాంతి దినం ఎప్పుడు అయిపోతుందా, ధాన్యం ఎప్పుడు అమ్ముకుందామా అని గుడిలో కూర్చుని రోజులు లెక్కపెట్టేవాళ్లను.

బీదర్ వాళ్లకు ఈ మనసు కొత్తది కాదు. మనది కందుల నేల. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయల దగ్గరికి పోయింది గుర్తుందా? అప్పుడు పలు రాష్ట్రాల్లో గోదాముల మీద దాడులు చేసి వేల టన్నుల పప్పు పట్టుకున్నారు. పంట పండించిన మన కూలి తల్లులు ఆ ఏడాది పప్పు కొనలేకపోయారు. ఏడాదిన్నర తిరగకముందే పంట విరగపండింది. 2017 మొదట్లో క్వింటాలుకు 5,050 రూపాయల మద్దతు ధర కూడా దక్కక రైతు ఏడ్చాడు. ధర పెరిగినా తగ్గినా చెమటోడ్చినవాడికే దెబ్బ. ఆ ఆటను మన పిల్లల కానుకల డబ్బుతో మన యువతకు నేర్పుదామా?

'రిటైర్' అనే మాటనే ఇంకోసారి చూడండి. డెన్మార్క్ పెట్టె రిటైరైతే దాని విలువ పెరుగుతుంది. మన కూలివాడు రిటైరైతే? దారిద్ర్యరేఖ దిగువన ఉన్న 60 నుంచి 79 ఏళ్ల వృద్ధులకు జాతీయ పింఛను పథకంలో కేంద్రం ఇచ్చే వాటా నెలకు 200 రూపాయలు. మిగతాది రాష్ట్రం దయ. మన బల్లల మీద ఆఖరి వరసలో కూర్చునే తాతలు రోడ్లు వేసినవాళ్లు, చెరకు నరికినవాళ్లు. వాళ్ల రిటైర్మెంట్ తేదీ ఎవరూ పసిగట్టనక్కరలేదు. వాళ్ల మోకాళ్లే చెబుతున్నాయి. దాని గురించి ఎన్ని యూత్ మీటింగులు పెట్టాం?

మన ఊరి పేరు మోసిన బిద్రీ పనిని చూడండి. జింకులో కొంచెం రాగి కలిపి పోత పోస్తారు. ఉలితో పువ్వులూ తీగలూ చెక్కి అందులో వెండి పొదుగుతారు. ఆఖరున కోట మట్టి, నవాసారం కలిపి పూస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం మెరుస్తూ నిలుస్తుంది. ఆ పనిలో జీవితమంతా గడిపిన షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. పాత బిద్రీ హుక్కా పాత్రలు ఈ రోజు విదేశీ మ్యూజియాల అద్దాల వెనక ఉన్నాయి. వాటికి ఎంత ధర పలికినా చెక్కినవాడి మనవడికి పైసా రాదు. దాచినవాడికే వస్తుంది. ఇక్కడ ఒక నమూనా రిటైర్ కావడమంటే ఒక ముసలి కారిగరు చేతులు వణకడం, కొడుకు ఉలి పక్కన పెట్టి వేరే కూలికి పోవడం. నిజంగా అరుదైపోతున్నది ఇది. జోస్యం అక్కరలేకుండానే కళ్ల ముందు కనిపిస్తున్నది ఇది.

అందుకే నా మాట ఇది. డబ్బు దాచుకోవడం పాపం కాదు. మీ జీతంలోంచి పోస్టాఫీసులోనో బ్యాంకులోనో దాచుకోండి, చెల్లెలి చదువుకు, అమ్మ మందులకు. అయితే పిల్లల నిధి పిల్లలదే. దాన్ని రెండేళ్లు ఆపితే, ఈ రోజు ఎనిమిదేళ్లున్న పిల్ల పదేళ్లది అవుతుంది. బాల్యం కూడా రిటైరవుతుంది తమ్ముడూ. దాన్ని ఏ కంపెనీ మళ్లీ విడుదల చేయదు.

ఈ క్రిస్మస్‌కు ఆ డబ్బుతో చన్నపట్న చెక్క బొమ్మలు కొందాం, ఆ కారిగర్ల ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది. కావాలంటే ఒక లెగో సెట్టూ కొందాం. అయితే సండే స్కూలు నేల మీద చాప పరిచి, అందరి ముందూ సీలు చింపుదాం. మిగిలిన దాంట్లోంచి మన వృద్ధులకు పింఛను దరఖాస్తులు నింపించి, ఆఫీసు చుట్టూ తిరిగే ఖర్చు భరిద్దాం. ఆ తిరుగుడు యూత్ చేయాలి.

దేవుడు యెరూషలేమును బాగుచేసే రోజును జెకర్యా ప్రవక్త 8వ అధ్యాయంలో ఎలా చూశాడో గమనించండి. ఆ దర్శనంలో నిండిన కొట్లు కనబడలేదు. చేతికర్ర పట్టుకుని వీధుల్లో తీరిగ్గా కూర్చున్న ముసలివాళ్లు కనబడ్డారు. అదే వీధుల్లో ఆడుకుంటున్న మగపిల్లలూ ఆడపిల్లలూ కనబడ్డారు. మన సంఘం వీధి అలా ఉందా? వచ్చే ఆదివారం నిధి లెక్కలు తేల్చేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న ముందు పెట్టుకుని కూర్చుందాం.